సాగదీసిన ఫోటో

"అక్కా, ఇరవై పది ఫ్లెక్సీ. ఐదు గంటలకల్లా చౌరస్తాల లేవాలె. అన్న బర్త్‌డే," అంటూ పోశం తన ఫోన్‌ను కౌంటర్ మీదికి తోశాడు.

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఆ వేళకు సగం షట్టర్లు దించేసి ఉంటాయి. తన ఫోటో స్టూడియోలో జమున ఒక్కతే ఉంది. పోశాన్ని చూడగానే లేచిన కోపాన్ని ముఖంలో కనబడనివ్వలేదు.

ఆమె తమ్ముడు అంజి బొగ్గుబాయి డ్యూటీ దిగి ఇంటికి రాక ఆరు రోజులైంది. ఆ ముందు వారమే అతను ఒక వీడియో తీశాడు. వేణుమాధవ్ టిప్పర్లు రైల్వే సైడింగుకు చేరాల్సిన బొగ్గును దారిలో దించేస్తున్న వీడియో అది. వేణుమాధవ్ గనుల్లో మట్టి, బొగ్గు మోసే కాంట్రాక్టరు. పోశం అతని కుడిభుజం. అంజిని ఎత్తుకుపోయింది వాళ్లేనని జమునకు తెలుసు. తెలియడం వేరు, రుజువు వేరు. పోలీస్‌స్టేషన్‌లో "ఏడికో పోయుంటడు, అస్తడు తియ్" అన్నారు. 'కనబడుటలేదు' అని తనే పోస్టర్లు వేసి ఊరంతా అంటించింది.

"తమ్ముడు దొరికిండా?" అని పోశం తీరిగ్గా అడిగాడు.

"లేదు."

"వయసు పోరడు గదా. ఎవతెనో లేపుకపోయుంటడు. ఫికర్ చెయ్యకు."

జమున పళ్లు బిగబట్టి ఫోటో చూసింది. కొత్త టిప్పర్ పక్కన నిలబడ్డ వేణుమాధవ్. తెల్ల చొక్కా, మెడలో బంతిపూల దండ. నిలువుగా క్రాప్ చేసిన చిన్న ఫోటో.

"ఇది నిలువు బొమ్మ. నీ ఫ్లెక్సీ అడ్డం. ఇరవై అడుగులకు గుంజితే మీ అన్న మొకం గుమ్మడికాయైతది."

"గుంజక్కా, ఏం గాదు. అన్న బక్కగుంటడు. జెర గుంజితేనే ఛాతీ ఉన్నట్టు కొడ్తది."

"నేను గుంజ. గుంజిచ్చుకునేదుంటే పక్క షాపుకు పో. మొకం పాడుజేసినోళ్లెవరని రేపు మీ అన్న నన్నే అడుగుతడు." ఆమె ఫోన్ అతనికి తిరిగిచ్చింది. "పైగా ఇది వాట్సాప్‌ల నలిగిన ఫోటో. పెద్దగ చేస్తే గళ్లు గళ్లు పగుల్తది. క్రాప్ చెయ్యకముందుది ఉంటది గదా, అది డాక్యుమెంట్ లెక్క పంపు. పక్కపొంటి జాగా ఉంటే అది పెట్టుకొని కోస్త. మొకం మొకం లెక్కనే ఉంటది."

పోశం గొణుక్కుంటూ ఫోన్‌లో వెతికి పంపాడు. జమున దాన్ని కంప్యూటర్‌లో తెరిచింది.

ఈసారి పూర్తి ఫోటో వచ్చింది. మధ్యలో వేణుమాధవ్, ఎడమవైపు టిప్పర్ ముందు టైరు, వెనక ఆకాశంలో పవర్‌హౌస్ పొగగొట్టాలు రెండు. కుడివైపు చివర రేకుల షెడ్డు. దాని తలుపు సగం తెరిచి ఉంది. లోపల కటిక చీకటి.

ఏ ఫోటో వచ్చినా జమున ముందు చేసే పని నీడల్లో వెలుగు పెంచడం. చెయ్యి అలవాటుగా ఆ పని చేసింది. చీకటి బూడిదరంగులోకి మారింది. తలుపు సందులో ఒక పాదం కనబడింది.

ఎడమ పాదం. బొటనవేలు లేదు.

రెండేళ్ల కింద బాయిలో బొగ్గు టబ్బు బండి ఎక్కి తెగిపోయిన వేలు అది. దవాఖానలో కట్టు విప్పిన రోజున ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని జమునే కడిగింది. చీలమండకు నీలం నైలాన్ తాడు బిగించి ఉంది. తాడుకు ఎదురుగుంజుతూ మడమ నేల మీది నుంచి లేచి ఉంది. చచ్చినవాడు తాడును గుంజడు. ఫోటో తేదీ చూసింది. నిన్న సాయంత్రం.

అంజి బతికి ఉన్నాడు.

"ఏందక్కా, గంతగనం చూస్తున్నవ్?" పోశం కౌంటర్ మీది నుంచి మెడ సాచాడు. తెర మీద పెద్దదిగా కనిపిస్తున్న పాదాన్ని చూశాడు.

మరుక్షణం అతను కౌంటర్ దూకాడు.

జుట్టు పట్టుకుని ఆమె ముఖాన్ని టేబుల్‌కేసి కొట్టాడు. ముక్కులో ఏదో పటుక్కుమంది. నోటినిండా రక్తం వచ్చింది. రెండోసారి తల పైకి లాగి మళ్లీ కొట్టాడు. ఆమె చేతులు గుడ్డిగా తడుముకున్నాయి. పాస్‌పోర్టు ఫోటోలు కోసే కట్టర్ పిడి చేతికి తగిలింది. పోశం ఎడమచెయ్యి ఆసరాకోసం ఆ కట్టర్ పలక మీదే ఆని ఉంది.

జమున పిడిని బలమంతా వేసి కిందికి దించింది.

పోశం అరుపుకు వీధి చివర కుక్క మొరిగింది. రెండు వేళ్లు పలక మీదే ఉండిపోయాయి. అతను చేతిని పొట్టకు అదుముకుని కూలబడ్డాడు. ఆమె ఇనుప ట్రైపాడ్ తీసుకుని మోకాలి మీద కొట్టింది. లేవబోతే భుజం మీద కొట్టింది. కాలర్ పట్టి ఈడ్చుకెళ్లి వెనక గదిలో పడేసింది. పాతరోజుల్లో ఫిల్మ్ కడిగిన చీకటిగది అది, కిటికీ లేదు. ఒక తువ్వాలు అతని మీదికి విసిరింది.

"చెయ్యి కట్టుకో. సావకు." బయట గడియ పెట్టి తాళం వేసింది. "అంజి ఏడున్నడు?"

లోపలి నుంచి ఏడుపు. "చెప్తే అన్న నన్ను సుత బొంద తవ్వి పెడ్తడే!"

"చెప్పకుంటే నేను పెడ్త."

"నువ్వేం పెడ్తవే! మూడున్నరకు సెకండ్ షిఫ్టు ఎక్కంగనే డంపర్లు మట్టి పోస్తయ్. గప్పుడు పోయి ఏరుకో నీ తమ్మున్ని, మట్టి డంపు కిందికెల్లి!"

ఆ తర్వాత ఎంత తన్నినా తలుపు వెనక నుంచి బూతులు తప్ప ఇంకేమీ రాలేదు. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది.

జమున కొంగుతో ముక్కు అదుముకుని మళ్లీ తెర ముందు కూర్చుంది. షెడ్డు మీద పేరు లేదు. నేల నల్లగా ఉంది కానీ ఈ చుట్టుపక్కల ఏ నేలైనా నల్లదే. ఇక మిగిలింది ఆకాశంలోని ఆ రెండు పొగగొట్టాలు.

పదేళ్లుగా ఆమె పెళ్లిజంటలను తీసుకుపోని మూల లేదు. ఎక్కడ నిలబెట్టి తీసినా వెనక ఆ పొగగొట్టాలు వచ్చి తీరతాయి. దూరం పోయేకొద్దీ రెండూ కలిసే చిన్నవవుతాయి. వాటి మధ్య సందుకూ వాటి ఎత్తుకూ ఉన్న లెక్క మాత్రం నిలబడిన దిక్కును బట్టి మారుతుంది. ఒకచోట ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఇంకోచోట ఎడంగా విడిపోతాయి. ఆమె స్కేలు తెరకు ఆనించి కొలిచింది. ఎత్తులో సరిగ్గా సగం సందు. అలా కనిపించే దిక్కున రేకుల షెడ్లున్నది ఒక్కచోటే. గోదావరి ఒడ్డున, పాత ఇటుక బట్టీల దగ్గర.

ఫోటోను తన ఫోన్‌లోకి ఎక్కించుకుని పోలీసుల వంద నంబరుకు ఫోన్ చేసి ఇటుక బట్టీలని చెప్పింది. రెండో ఫోన్ అతీక్‌కు. అతను లారీ మెకానిక్. జమునతో ఒకే బడిలో, ఆమెకంటే పై తరగతిలో చదువుకున్నవాడు.

"అతీకన్నా, తమ్ముడు బతికే ఉన్నడు. బండి తీస్కరా. చేతికేదైనా దొరికితే అది సుత పట్టుకరా."

నాలుగు నిమిషాల్లో అతీక్ బైకు మీద వచ్చాడు. ఆమె ముఖం చూసి బండి ఆపకుండానే, "యా అల్లా! ఎవడు కొట్టిండు చెల్లె?" అన్నాడు.

"వాడు లోపలున్నడు. వేళ్లు బయటున్నయ్. నడు."

వేడిగాలి ముఖాన్ని కోస్తోంది. బట్టీల దగ్గరికి చేరేసరికి మూడు కావస్తోంది. అతీక్ లారీ టైర్లు విప్పే వీల్‌పానా భుజాన వేసుకుని ముందు నడిచాడు. మొదటి షెడ్డు తలుపును కాలితో తన్నాడు. ఖాళీ. రెండోది కూలిపోయి ఉంది. మూడోదాంట్లో మేకలున్నాయి. టిప్పర్ లేదు, దాని టైర్ల జాడ కూడా లేదు.

"అంజీ!" అని జమున అరిచింది. మేకలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంతకుమించి చప్పుడు లేదు.

ఆమె తల ఎత్తి పొగగొట్టాలను చూసింది. సందు సరిగ్గా సగం. లెక్క తప్పలేదు. మరి షెడ్డేది?

"నడిపిచ్చుకపోయిన్రేమో. లేకపోతే..." అతీక్ మాట పూర్తిచెయ్యలేదు.

"లేకపోతే ఏం లేదు. ఫోటో చూడు నువ్వు సుత. నాకేమన్న కనబడకపోయిందేమో."

అతీక్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్ తెర చూశాడు. అతని చూపు వేణుమాధవ్ మీదా నిలవలేదు, షెడ్డు మీదా నిలవలేదు. టైరు మీద ఆగింది.

"గీ టైరేంది గిట్లున్నది?"

"ఎట్లున్నది?"

"గుడ్డు లెక్కున్నది. గాలి పోయిన టైరైతే కింద నలుగుతది, పైన గుండ్రంగనే ఉంటది. ఇది పైనకెల్లి కిందిదాక అడ్డం సాగింది. కొత్త బండి, చెల్లె. రిమ్ము సుత సాగుతదా ఏడనన్న?"

జమున ఫోన్ లాక్కుంది. ఇంతసేపూ తమ్ముడి పాదాన్నీ పొగగొట్టాలనూ మాత్రమే చూసింది. రోజుకు వంద ముఖాలు చూసే తను, వేణుమాధవ్ ముఖాన్ని ఒక్కసారి సరిగా చూసి ఉంటే సరిపోయేది. పోయిన ఏడాది అతనికి పాస్‌పోర్టు ఫోటో తీసింది తనే. కోలముఖం, ఇరుకు భుజాలు. ఇక్కడేమో పహిల్వాన్‌లా ఉన్నాడు.

"దొంగనాకొడుకు," అంది. "పోశంగాడు ముందు గుంజిండు. గుంజినంక కోసిండు. కొయ్యకముందుది పంపుమన్న గాని, గుంజకముందుది పంపుమనలేదు నేను."

ఫోన్‌లోనే ఎడిటర్ తెరిచింది. మామూలుగా ఆమె ఎప్పుడూ ముట్టని తాళం గుర్తును నొక్కి, నిలువునూ అడ్డాన్నీ విడదీసింది. నిలువును అలాగే ఉంచి అడ్డం తగ్గిస్తూ పోయింది. తొంభై. ఎనభై ఐదు. టైరు ఇంకా కోడిగుడ్డులాగే ఉంది. ఎనభై. డెబ్బై ఏడు దగ్గర టైరు చక్రమైంది. వేణుమాధవ్ ఛాతీ దిగిపోయి మళ్లీ బక్కవాడయ్యాడు. ఆకాశంలో రెండు పొగగొట్టాలూ దగ్గరికి జరిగాయి.

సందు సగం కాదు. మూడోవంతు దాటి కొంచెం.

"ఇంక్లైన్ బాయి," అంది జమున. "మూతపడ్డది. దాని వెనక పాత కాటా. లారీలు తూచేటిది. దాన్నానుకొనే మట్టి డంపు."

"గోదావరిఖనికి అవతల! పదిహేను నిమిషాలు పడ్తది."

"పదిట్ల పోవాలె. జల్ది!"

వెనక కూర్చుని ఆమె మళ్లీ వందకు ఫోన్ చేసింది. జీపు బట్టీల వైపు బయల్దేరిపోయిందట. "తిప్పున్రి సార్, నాదే తప్పు, తిప్పున్రి," అని గాలిలో అరిచింది. అవతలివాళ్లకు ఎంత వినిపించిందో తెలియదు.

మూడూ ఇరవైకి డంపు కనబడింది. తవ్విపోసిన మట్టి కొండలా లేచి ఉంది. దాని మీద డంపర్లు వరసగా ఆగి ఉన్నాయి. షిఫ్టు మారే సమయం. కింద పాత కాటా షెడ్డు ముందు కొత్త టిప్పర్ ఇంజన్ ఆన్‌లో ఉంది. వేణుమాధవ్, డ్రైవరు కలిసి ఒక టార్పాలిన్ మూటను ఈడ్చుకొస్తున్నారు. మూట తన్నుకుంటోంది.

అతీక్ బ్రేకు వెయ్యలేదు. బండిని నేరుగా డ్రైవర్ మీదికి పోనిచ్చాడు. డ్రైవరు గాల్లో లేచి టిప్పర్ డోరుకు తగిలి పడ్డాడు. జమున పక్కకు దొర్లింది. డ్రైవరు లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ, వెనక్కి చూడకుండా తుమ్మచెట్లలోకి పారిపోయాడు.

వేణుమాధవ్ పారిపోలేదు. గడ్డపార అందుకున్నాడు.

"ఫోటోల జమునవా? ఫ్లెక్సీ అయిందా?" అన్నాడు నవ్వుతూ.

అతీక్ వీల్‌పానా విసిరాడు. అది వేణుమాధవ్ చెవి పక్క నుంచి పోయింది. వేణుమాధవ్ తిప్పిన గడ్డపార వచ్చి అతీక్ ముంజేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినబడింది. అతీక్ మోకాళ్ల మీద పడ్డాడు. రెండో దెబ్బ అతని తలకు పడబోతుండగా జమున నేల మీది బొగ్గుపొడి రెండు గుప్పిళ్లా ఎత్తి వేణుమాధవ్ కళ్లలో కొట్టింది.

అతను గుడ్డిగా తిప్పిన గడ్డపార ఆమె పక్కటెముకలకు తగిలింది. ఊపిరి ఆగింది. వెల్లకిలా పడింది. వేణుమాధవ్ కళ్లు నులుముకుంటూ వెతికి, ఆమె గొంతు మీద మోకాలు మోపాడు.

"నీ తమ్ముడు చెప్పడు. ఆరు రోజులు కొట్టినా చెప్పడు. వీడియో నీ తాననే ఉన్నది గదా? నువ్వన్న చెప్పవే! ఏడున్నది?"

ఆమె కాళ్లు నేలను తన్నాయి. ఎండ మెల్లగా నల్లబడసాగింది. మసకలో ఆమెకు అతీక్ కనబడ్డాడు. విరిగిన చేతిని వేలాడేసుకుని, జేబుకత్తి పళ్లతో తెరిచి, ఎడమచేత్తో టార్పాలిన్ తాడు కోస్తున్నాడు. మూట విడిపోయింది.

లోపలి నుంచి లేచిన మనిషిని జమున ముందు గుర్తుపట్టలేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలి వేలాడుతోంది. కుడిచేతి గోళ్లు లేవు. వాడు లేస్తూనే వేణుమాధవ్ వీపు మీద పడి మెడ కొరికాడు. వేణుమాధవ్ కేక పెట్టి పక్కకు దొర్లాడు. గడ్డపార అంజి చేతికొచ్చింది.

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది.

"వీడియో ఏడున్నది?" అన్నాడు అంజి.

అది ప్రశ్న కాదు. ఆరు రోజులు ఆ షెడ్డులో ప్రతి దెబ్బకూ ముందు వాడు విన్న మాట అది.

రెండో దెబ్బ చేతి మీద. "వీడియో ఏడున్నది?"

"తమ్మీ, చాల్!" అన్నాడు అతీక్.

మూడో దెబ్బ నడుం మీద. వేణుమాధవ్ అరవడం మానేశాడు. రక్తం బొగ్గుపొడిలో కలిసి నల్లటి బురదైంది. "వీడియో ఏడున్నది? చెప్పు. చెప్పవా?" అంజి గొంతులో కోపం కూడా లేదు. డ్యూటీలో బొగ్గు తవ్వేవాడిలా ఒక్క ఊపున తవ్వుతున్నాడు. గడ్డపారను ఈసారి రెండు చేతులతో తల పైదాకా ఎత్తాడు. దాని మొన కింద వేణుమాధవ్ తల ఉంది.

జమున లేవలేకపోయింది. పాకింది. వేణుమాధవ్ మీద బోర్లా పడి అతని తలను తన రెండు చేతులతో కప్పేసింది.

"జరుగక్కా."

"జరుగ."

"వాడు నన్ను..." అంజి గడ్డపార దించలేదు. "నీకెర్క లేదక్కా. నీకెర్క లేదు వాడు ఏం చేసిండో. జరుగు!"

"నాకెర్క లేదు. చెప్పు, జీవితమంత వింట. గాని నిన్ను ఇంటికి పట్టుకపోనీకి అచ్చిన నేను, జైలుకు కాదు. కొట్టాలంటే నా మీదికెల్లి కొట్టు."

గడ్డపార అప్పటికే కిందికి వస్తోంది. అంజి ఆపలేకపోయాడు, పక్కకు మాత్రం తిప్పగలిగాడు. అది ఆమె ఎడమ భుజాన్ని చీరుకుంటూ నేలలో దిగింది. ఆమె కేక డంపు కొండకు తగిలి వెనక్కి వచ్చింది.

అంజి చేతులు వదిలేశాడు. నేలలో దిగిన గడ్డపార అలాగే నిలబడి ఊగింది. అక్క వీపు మీద పాకుతున్న రక్తాన్ని వాడు చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. పిల్లవాడిలా చతికిలబడి, "అక్కా, నేను కావాలని కొట్టలే... కావాలని కాదక్కా..." అని వెక్కసాగాడు.

డంపు మీద మొదటి డంపర్ మట్టి కుమ్మరించింది. దుమ్ము మేఘంలా దిగి వాళ్లందరినీ కప్పేసింది. ఆ దుమ్ములో ఎక్కడో జీపు సైరన్ దగ్గరవుతోంది.

"చెల్లె," అన్నాడు అతీక్ భయంగా. "వాడు... వేణుమాధవ్... ఉన్నడా?"

జమున కదల్లేదు. కళ్లు మూసుకుని తన కింద ఉన్న శరీరాన్ని వినసాగింది. ఆ మనిషి తన గొంతు మీద మోకాలు మోపి రెండు నిమిషాలు కూడా కాలేదు. అతను చావాలని ఆరు రాత్రులు కోరుకుంది. ఇప్పుడు ఒక్క శ్వాస కోసం, ఆ ముక్కులో నుంచి ఒక్క ఊపిరి కోసం, తన తమ్ముడి బతుకంతా పణంగా పెట్టినట్టు ఎదురుచూస్తోంది.

ఆమె మెడ మీద వెచ్చగా, రక్తం వాసనతో, గురగురమంటూ ఒక ఊపిరి తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.

"ఉన్నడు," అంది జమున. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "బతికే ఉన్నడు తమ్మీ. ఏడ్వకు. వీడు బతికే ఉన్నడు."